పది గుంటల పూలతోట



ఈ పూట పూలసాగును గురించి నాలుగు మాటలు మీతో చెప్పుకోవాలని వచ్చాను. పూలు అనగానే కొందరు "మాకెందుకండీ పూలు? మాకు వరి ఉంది, మక్క ఉంది, అవి చాలు" అంటారు. మరి కొందరు "ఫలానా ఊళ్లో బంతి వేసి బాగా సంపాదించారట, మేమూ ఎకరం వేసేస్తాం" అని బయలుదేరుతారు. ఈ ఇద్దరికీ ఒకే మాట మనవి చేస్తాను. పువ్వు కూడా పంటే. వరికి నీటి లెక్క ఉన్నట్లే పువ్వుకు రోజుల లెక్క ఉంది. ఆ లెక్క తెలిసిన చిన్నరైతుకు పది గుంటల్లో నాలుగు రూపాయలు మిగులుతాయి. లెక్క తెలియక దిగితే ఎకరం వేసినవాడు ఎకరం మేరకు నష్టపోతాడు.

మన గంభీరావుపేట ప్రాంతాన్నే తీసుకోండి. నర్మాల దగ్గర ఎగువ మానేరు జలాశయం ఉంది. దాని కింద మడికట్లు, ఎత్తున చెల్కలు, వాటిలో బావులు, బోర్లు. కమతాలు చాలావరకు ఎకరం, రెండెకరాలవి. తూర్పున సిరిసిల్ల, వేములవాడ, పడమర కామారెడ్డి, దక్షిణపు దిక్కున సిద్దిపేట ఉన్నాయి. ఏ దిక్కుకు పోయినా పొద్దున బయలుదేరిన పువ్వు ఎండ ముదరక ముందే అంగడికి చేరుతుంది. వేములవాడ రాజన్న గుడికి ఏడాది పొడుగునా జనం వస్తూనే ఉంటారు. సోమవారాలు, కార్తీకం, శివరాత్రి వస్తే చెప్పనక్కరలేదు. గుడి ఉన్నచోట, పెండ్లి ఉన్నచోట పువ్వుకు బేరం ఉంటుంది.

ఇక బతుకమ్మ సంగతి మీకు నేను చెప్పాలా? పెత్తర అమావాస్యనాటి ఎంగిలిపూల బతుకమ్మ మొదలు సద్దుల బతుకమ్మ దాకా తొమ్మిది రోజులు ఇంటింటా పువ్వు కావాలి. వెనుకటి రోజుల్లో గట్ల మీద తంగేడు, జొన్నచేలలో తనంతట తానే మొలిచే గునుగు కోసుకొచ్చి పేర్చేవారు. ఇప్పుడు జొన్న తగ్గింది. గట్లు చిక్కిపోయాయి. కలుపుమందులు వచ్చాయి. తంగేడు, గునుగు కోసం దూరం పోవలసి వస్తున్నది. ఆ లోటును బంతి, చామంతి పూరిస్తున్నాయి. వాటిని జనం డబ్బు పెట్టి కొంటున్నారు. ఆ డబ్బు దూరపు ఊళ్ల లారీలకు పోవలసిన పని లేదు. కొంత మన ఊళ్లోనే నిలుపుకోవచ్చును.

అయితే ముందుగా ఒక్క సంగతి గుర్తు పెట్టుకోండి. పువ్వుకు గాదె లేదు. వడ్లకు ధర లేకుంటే బస్తాలు కట్టి నాలుగు వారాలు ఆగవచ్చు. పసుపును నెలల తరబడి నిలవ ఉంచవచ్చు. కోసిన బంతి పువ్వు రెండు మూడు రోజులకే వాడుతుంది. పండుగ ముందు రోజు బంగారంలా అమ్మిన పువ్వును పండుగ మరునాడు అడిగే దిక్కుండదు. పూలమ్మిన చోట కట్టెలమ్మినట్లు అని పెద్దలు అన్నారు. పదిరోజులు ఆలస్యమైన తోట ఉన్న రైతుకు ఆ సామెత అర్థం ఎవరూ విడమర్చి చెప్పనక్కరలేదు. తోట నిండా పువ్వు ఉంటుంది, కోత కూలి కూడా రాదు. ఇట్లాంటి ముచ్చట ప్రతి ఏడూ ఏదో ఒక ఊళ్లో వింటూనే ఉన్నాం.

కనుక పూలరైతుకు నాగలి ఎంతో పంచాంగం అంత. నిరుడు ఫలానా తారీఖున నారు పోశాం, ఈ ఏడూ అదే తారీఖున పోద్దాం అంటే కుదరదు. మన పండుగలు తిథుల మీద నడుస్తాయి. 2024లో దసరా అక్టోబరు 12న వచ్చింది. 2025లో అక్టోబరు 2న వచ్చింది. 2026లో జ్యేష్ఠం అధికమాసం, అందుచేత దసరా అక్టోబరు 20. అంటే 2025కూ 2026కూ మధ్య 18 రోజుల తేడా. 2025 తారీఖులనే పట్టుకొని 2026లో నారు పోస్తే పండుగ రాకముందే సగం పువ్వు రాలిపోతుంది. అధికమాసంలో పెండ్లిళ్లు ఉండవు. ఆషాఢంలో, పుష్యంలో, మూఢంలో కూడా ఉండవు. ఆ రోజుల్లో తోట విరగబూసినా బేరం పలచనే. ఇవన్నీ విత్తనం కొనకముందే చూసుకోవలెను.

లెక్క ఎట్లా కట్టాలో చూడండి. పండుగ తారీఖు దగ్గర మొదలుపెట్టి వెనక్కు నడవండి. సంకర బంతి రకాలు నారుమడిలో 25 నుంచి 30 రోజులు ఉంటాయి. పొలంలో నాటిన తరువాత 50, 60 రోజులకు పూత అందుతుంది. తల తుంచితే మరి కొన్ని రోజులు ఆలస్యమవుతుంది. మొత్తం మీద విత్తిన దగ్గరనుంచి కోత మొదలయ్యే దాకా దాదాపు 90 రోజులు అనుకోండి. 2026లో ఎంగిలిపూల అమావాస్య అక్టోబరు 10. అక్కడినుంచి 90 రోజులు వెనక్కు వస్తే జూలై 12. అదీ విత్తే రోజు. ఆగస్టు రెండో వారంలోపల నాటు పూర్తి కావాలి. కోత మొదలైన తోట నెల రోజులకు పైగా పూస్తుంది. కనుక ఆ తోటే దసరాకూ, కొంతవరకు నవంబరు 8 నాటి దీపావళికీ అందివస్తుంది.

రకం పేరు అడగకుండా ఈ లెక్క కట్టకండి. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ వారి పూసా నారంగి, పూసా బసంతి మంచి రకాలే. కాని అవి విత్తిన నాలుగు నెలలు దాటితే గాని పూతకు రావు. వాటిని సంకర రకాల లెక్కన జూలైలో విత్తితే బతుకమ్మ వెళ్లిపోయి ఎన్నో రోజులకు పూస్తాయి. కలకత్తా బంతి అని అమ్మే మొక్కలు కొమ్మ ముక్కలకు వేళ్లు తెప్పించినవి. వాటి లెక్క మరొకటి. అందుచేత విత్తనం అమ్మేవారిని, నారు అమ్మేవారిని మొదట అడగవలసిన ప్రశ్న ధర కాదు, "ఇది నాటిన ఎన్నాళ్లకు పూస్తుంది?" అన్నది. జవాబు చీటీ మీద రాయించుకోండి.

ఎంత నేలలో వేయాలి? మొదటి ఏడు పది గుంటలు మించవద్దని నా మనవి. ఆ పది గుంటలను కూడా రెండు మడులు చేయండి. అయిదు గుంటలు జూలై 12 ప్రాంతంలో విత్తిన నారుతో బతుకమ్మకు, దసరాకు. మిగిలిన అయిదు గుంటలు మూడు వారాలు ఆగి విత్తిన నారుతో దీపావళికి, కార్తీక సోమవారాలకు. ఒక మడికి ధర తప్పినా రెండోది ఆదుకుంటుంది. వానకు ఒక పూత చెడినా రెండోది నిలుస్తుంది. "అట్లయితే వరి మానేయమంటారా?" అని అడుగుతారేమో. మానవద్దు. ఇంటి తిండిగింజలు ఇంటివే. చెల్కలో నీరు నిలవని పది గుంటల ముక్క చూడండి, అది చాలు.

ఇప్పుడు సేద్యం సంగతి. బంతి దాదాపు అన్ని నేలల్లోనూ వస్తుంది గాని నీరు నిలిస్తే బతకదు. వానాకాలంలో మొదలు కుళ్లి మొక్కలు వాలిపోతాయి. కనుక బోదెలు తోలి, బోదె మీద నాటండి. మురుగు పోయే దారి ముందే తీయండి. ఎకరాకు 8 నుంచి 10 టన్నుల చొప్పున బాగా మాగిన పశువుల ఎరువు వేయాలి. పది గుంటలకు రెండు, రెండున్నర టన్నులు పడుతుంది. మట్టి పరీక్ష చేయించి భాస్వరం, పొటాషు ఆఖరి దుక్కిలో వేయండి. నత్రజనిని రెండు భాగాలు చేసి సగం నాటేటప్పుడు, సగం నెల రోజులకు వేయండి. ఆకు నల్లగా నిగనిగలాడాలని యూరియా గుప్పించకండి. ఆకు పెరుగుతుంది, పువ్వు వెనకబడుతుంది. ఇక్కడ వెనకబడడమంటే పండుగ తప్పడమే.

సాలుకూ సాలుకూ రెండడుగులు, మొక్కకూ మొక్కకూ అడుగున్నర ఎడం ఉంచితే పది గుంటలకు దాదాపు 3,600 మొక్కలు పడతాయి. చచ్చిన చోట మళ్లీ నాటడానికి మరో నాలుగైదు వందలు చేతిలో ఉండాలి. నారు మీరే పెంచుకుంటే ఖర్చు తగ్గుతుంది. ఎత్తైన మడి చేసి, పలచగా విత్తి, పైన సన్నని ఎరువు చల్లి, పూలడబ్బాతో నీరు పోయండి. కిందటేటి మిగులు విత్తనం వాడకండి, మొలక తగ్గుతుంది. సంకర తోటలో పూసిన పువ్వునుంచి విత్తనం కట్టకండి, మరుసటి ఏడు పువ్వులన్నీ ఒక తీరుగా రావు. నాటు సాయంత్రం పూట వేయండి, వెంటనే నీరు పెట్టండి.

నాటిన నాలుగు వారాలకు, నడి కొమ్మ కొసన మొదటి మొగ్గ కనబడే వేళకు, తల తుంచాలి. మొదటిసారి చేసేవారికి చేయి రాదు. పూసే కొసను తుంచడమేమిటని మనసు ఒప్పదు. కాని ఆ ఒక్క కొసను తీస్తే పక్క కొమ్మలు నాలుగు వైపులా లేస్తాయి, మొక్క గుబురై పువ్వుల సంఖ్య పెరుగుతుంది. నారు ఆలస్యమై పండుగ దగ్గరపడితే మాత్రం తుంచకండి. అప్పుడు ఎక్కువ పువ్వు కంటే ముందు పువ్వే మేలు.

వానలు పడే రోజుల్లో ఆకుమచ్చ వస్తుంది. లీటరు నీటికి 2.5 గ్రాముల మాంకోజెబు కలిపి పిచికారి చేయండి. వానలు వెనకబట్టి ఎండ కాసినప్పుడు ఆకు అడుగున ఎర్రనల్లి చేరి ఆకులు దుమ్ము కొట్టినట్లవుతాయి. చలి మొదలైతే బూడిద తెగులు. ఈ రెంటికీ నీటిలో కలిసే గంధకం లీటరుకు 3 గ్రాములు పనిచేస్తుంది. మొగ్గ తొలిచే పురుగు కనబడితే చేత్తో ఏరించి, వేపనూనె వాడి చూడండి. ఒక్క మాట. పువ్వును ఆడపిల్లలు తలలో పెట్టుకుంటారు, చేతులతో పేరుస్తారు. కోత మొదలైన తరువాత విషపు మందుల జోలికి పోకండి.

కోతకు ముందు రోజు సాయంత్రం తేలికగా తడి ఇస్తే పువ్వు బిగువుగా ఉండి ఎక్కువ సేపు నిలుస్తుంది. పొద్దున, మంచు ఆరిన వెంటనే కోయండి. తడి పువ్వును గోనెలో కుక్కితే లోపల ఉడికి నల్లబడుతుంది. నీడన పలచగా ఆరబోసి, పెద్దవీ చిన్నవీ వేరు చేసి, గాలి ఆడే బుట్టల్లో గాని పలచని సంచుల్లో గాని నింపండి.

ఇక లాభనష్టాల లెక్క. ఎకరాకు మూడు నాలుగు టన్నుల పువ్వు వస్తుందనుకుంటే పది గుంటలకు 900 కిలోలు వేసుకోవచ్చు. నేను చెప్పే రూపాయలు మాట వరుసకే, మీ ఊరి ధరలు వేసి మీరు మళ్లీ కట్టుకోండి. నారు మొక్క మూడు రూపాయల చొప్పున 3,600 మొక్కలకు 10,800. దుక్కి, ఎరువు, కలుపు, మందులు కలిపి 9,000. కోత కూలి, సంచులు, బండి కిరాయి, అడ్తి కమీషను కలిపి కిలోకు 12 చొప్పున 900 కిలోలకు మరో 10,800. మొత్తం 30,600 రూపాయలు. అంటే కిలోకు 34 రూపాయలు వస్తే అసలుకు అసలు. సగటున 60 పలికితే 23,400 మిగులు. సగటున 20కి పడిపోతే 12,600 నష్టం. అదే ఎకరం వేసినవాడైతే 50 వేల పైన మునిగాడన్నమాట. పది గుంటలు మించవద్దని అందుకే చెప్పాను. 12 వేల నష్టాన్ని ఇల్లు ఒక ఏడాదిలో పూడ్చుకుంటుంది. 50 వేలంటే వడ్డీ వ్యాపారి గడప తొక్కవలసి వస్తుంది.

ఇందులోనే ఇంకొక మెలకువ ఉంది. పెట్టిన పెట్టుబడి ఎట్లాగూ పోయింది. కోత ఖర్చు కిలోకు 12 అయితే, అంగట్లో 20 పలికినా కోయడమే మంచిది, కిలోకు 8 చేతికి వస్తుంది. 12 కంటే దిగితే కోత ఆపండి. మోజు కొద్దీ కూలి పెట్టి కోయించి చేతిడబ్బు పోగొట్టుకోకండి. తోటను దున్నితే భూమికి ఎరువవుతుంది.

అదొక్కటే కాదు. బంతి వేళ్లలో ఉండే రసానికి వేరుబుడిపెలు కలిగించే నులిపురుగులు అణగుతాయని శాస్త్రజ్ఞులు రుజువు చేశారు. కూరగాయలకు, కోరుట్ల, జగిత్యాల వైపు పసుపుకు ఈ పురుగు పెద్ద బెడద. బంతి వేసిన నేలలో మరుసటి పంటగా వాటిని వేస్తే మేలు. టమాట వేసేవారు 16 సాళ్ల టమాటకు ఒక సాలు బంతి చొప్పున నాటుకుంటే కాయతొలిచే పురుగు గుడ్లు బంతి మీదికి మళ్లుతాయి. ఇది బెంగళూరులోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ వారు చూపిన పద్ధతి. అయితే ఆ బంతి నారు టమాట నారు కంటే ముదురుగా ఉండాలి. బంతి నారుకు 40 రోజులు, టమాట నారుకు 25 రోజులు ఉంటే రెండూ ఒకేసారి పూతకు వస్తాయి.

అమ్మకం సంగతి నాటుకు ముందే తేల్చుకోవలెను. హైదరాబాదులో గుడిమల్కాపూర్ పెద్ద పూల మార్కెట్టు. అయితే దూరపు జిల్లాల పువ్వు కూడా అక్కడికే వస్తుంది. ఒక్క సంచితో అక్కడికి పోతే బండి కిరాయే మింగుతుంది. మొదట సిరిసిల్ల, వేములవాడ, కామారెడ్డి పూలకొట్ల వారిని కలవండి. రోజుకు ఎంత కొంటారు, ఏ రంగు అడుగుతారు, ఎప్పుడు డబ్బిస్తారు, కనుక్కోండి. గోదావరి ఒడ్డున కడియం పేరు వినే ఉంటారు. అక్కడ పూలకు, మొక్కలకు అంత అంగడి ఏర్పడిందంటే వందల కుటుంబాలు పక్కపక్కనే సాగు చేయడం వల్ల కొనేవారు వెతుక్కుంటూ వస్తున్నారు. మన ఊళ్లోనూ పదిమంది పది గుంటల చొప్పున వేసి, తలా ఒక వారం తేడాతో నాటి, ఒకే బండికి ఎత్తితే కిరాయి పదో వంతుకు దిగుతుంది.

అమ్మలారా, అక్కలారా, ఈ పంటలో సగం పని మీ చేతుల్లో ఉంది. కోత, వేరుచేత, కట్టడం మీవే. కిలోల్లో అమ్మిన పువ్వుకంటే దండ కట్టి మూరల్లో అమ్మిన పువ్వుకు ధర ఎక్కువ. కాబట్టి లెక్కపుస్తకంలో మీ కూలి కూడా రాయించండి. ఇంటి మనుషుల కష్టం లెక్కలో రాకపోతే నష్టం కూడా లాభంలా కనబడుతుంది.

బంతి చేయి తిరిగాక తక్కిన పూలకు పోవచ్చు. చామంతి రాత్రులు పొడవైతే గాని మొగ్గ తొడగదు. బెంగళూరు చుట్టుపట్ల రైతులు తోటల్లో రాత్రిపూట విద్యుద్దీపాలు వెలిగించి పూతను వెనక్కు జరుపుకుంటారు. మనకు ఆ ఖర్చు వద్దు, జూన్, జూలైలలో నాటి చలికాలపు పూత తీసుకుందాం. లిల్లీ దుంపలు ఒకసారి నాటితే రెండు మూడేళ్లు పూస్తాయి గాని రోజూ తెల్లవారకముందే కోసే మనిషి ఉండాలి. మల్లె వేసవి పెండ్లిళ్లకు డబ్బు. అదీ మొగ్గగా ఉన్నప్పుడే కోయాలి. మీ ఇంట్లో ఎన్ని చేతులున్నాయో చూసుకొని పువ్వును ఎంచుకోండి.

విస్తరణ ఉద్యోగులకు కూడా ఒక మాట. రైతు వేదికలో పూలసాగు గురించి చెప్పేటప్పుడు దిగుబడి ఒక్కటే చెప్పకండి. గోడ మీద ఆ ఏటి పండుగల తారీఖులు, వాటికి ఎదురుగా విత్తే తారీఖులు రాసి పెట్టండి. ఊళ్లో ఎవరెవరు ఎంత నేలలో, ఏ వారం నాటుతున్నారో ఆ పక్కనే రాయండి. అందరూ ఒకే వారం మీద పడుతున్నారని గోడ చూస్తే తెలుస్తుంది. నాటకముందు తెలిసిన సంగతి రైతుకు పనికివస్తుంది, కోశాక తెలిస్తే ఏం లాభం? విత్తనానికి, బిందుసేద్యానికి సర్కారు సహాయం ఆ ఏడు ఏమున్నదో మండలపు ఉద్యాన అధికారిని అడిగి చెప్పండి.

బంతి పుట్టిల్లు మెక్సికో దేశమంటారు. అక్కడ నవంబరు మొదటి రోజుల్లో చనిపోయిన పెద్దలను తలచుకొనే పండుగకు బంతిపూలు పరుస్తారు. ఆ దేశపు పూలరైతు కూడా తన పండుగ తారీఖు పట్టుకొని వెనక్కే లెక్క పెట్టుకుంటాడు. అదను, పదును అని మన పెద్దలు ఊరకే అనలేదు. పదును నేల చెబుతుంది, పువ్వుకు అదను పంచాంగం చెబుతుంది.

కనుక ఈ వారం రెండు పనులు చేయండి. పంచాంగం తెచ్చి రాబోయే పండుగ తారీఖు గుర్తు పెట్టి 90 రోజులు వెనక్కు లెక్కించండి. తరువాత మీకు దగ్గరి పూలకొట్టుకు పోయి వారు రోజుకు ఎంత పువ్వు కొంటారో అడగండి. ఈ రెండు జవాబులు చేతికి వచ్చాకే విత్తనం దుకాణం మెట్లెక్కండి.

మీ తోట పండుగనాటికి నిండుగా పూయాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.